పడవ మీద గీత

ఆ సభలో కూర్చున్నవారిని, కూర్చున్న వరుసలోనే, ముందుగా పేర్కొంటాను. సముద్రానికి దగ్గరగా, మొదటి స్థానంలో, ఊరిపెద్ద జోగయ్య. అతని ఎడమ పక్కన, వయసులో అతనికంటె పెద్దవాడైనా రెండవ స్థానంలో కూర్చునే ఎర్రయ్య. ఆ తరువాత ఊరి పెద్దవలలో వాటాలున్న మగవారు, ఎవరి కుటుంబం ముందు వచ్చి స్థిరపడిందో ఆ క్రమంలో. వరుస చివర, ఇసుకలో కాళ్ళు దిగబడుతున్న కుర్చీలో నేను. నా పక్కన ముక్కాలిపీట మీద నా మేనల్లుడు నరసింగరావు. ఆడవారు వెనుక నిలబడి ఉన్నారు. వారిలో అందరికంటె ముందు జోగయ్య భార్య కూర్మమ్మ. ఆ ఊరివాడు కాని నారాయణమూర్తి తన జీపుకు ఆనుకొని దూరంగా నిలబడ్డాడు. వీరెవరితోను చేరనిది ఒక్కతె, నూకయ్య భార్య లక్ష్మణమ్మ. ఆమె అందరికీ ఎదురుగా ఇసుకలో కూర్చుని ఉంది. పాకలోనుండి తెచ్చిన పెద్దవల అంచు ఆమె ముందు, చేతికి అందేటంత దూరంలో పరచి ఉంది.

ఈ వరుసకు అక్కడ అర్థం ఉంది. పాతదిబ్బపాలెంలో మనిషి కూర్చున్న చోటును బట్టి అతని మాట వంతు వస్తుంది. ఆడవారికి చోటు లేదు కనుక వంతు కూడ లేదు.

నేను జిల్లా మునసబుగా పార్వతీపురంలోను, బొబ్బిలిలోను, చివరకు విజయనగరంలోను పనిచేసి, పదవీవిరమణ తరువాత కళింగపట్నానికి ఉత్తరాన సరుగుడుతోట కొని, అందులో ఇల్లు కట్టుకొని ఉంటున్నాను. తోట కంచె దాటితే పాతదిబ్బపాలెం. ఊరివారు నన్ను జడ్జీబాబు అంటారు. వారి సభలకు పిలిచి కుర్చీ వేయడం మర్యాద కొరకే. తీర్పుతో నాకు సంబంధం లేదు. ఈ సంగతులు జరగడానికి ముందు సంవత్సరం నా భార్య పోయింది. అప్పటినుండి చుట్టూ జరిగేవి నాకు తెలుస్తుండేవి గాని తగులుతుండేవి కావు. వండిన మనిషి వచ్చి పిలిస్తే భోజనానికి లేచేవాడిని. పిలవకపోతే లేచేవాడిని కాను. ఇది సానుభూతి కొరకు చెప్పడం లేదు. సాక్ష్యంతోపాటు సాక్షి స్థితిని కూడ నమోదు చేయడం నా వృత్తి నేర్పిన అలవాటు.

అరవై ఏడవ సంవత్సరం ఫిబ్రవరిలో సాధారణ ఎన్నికలు జరిగాయి. మా నియోజకవర్గంలో గట్టి అభ్యర్థులు ఇద్దరే. ఒకరిది పడవ గుర్తు, మరొకరిది తక్కెడ గుర్తు. వారి పేర్లు ఇక్కడ అనవసరం. పడవ గుర్తు తరఫున తిరిగే నారాయణమూర్తి, సంక్రాంతికి ముందే ఊరికి వచ్చి, తమవారు గెలిస్తే పాతదిబ్బపాలెంలో మంచినీళ్ళ నుయ్యి తవ్విస్తామని మాట ఇచ్చాడు. ఆ ఊరి నీరు ఉప్పన. తాగేనీటి కొరకు ఆడవారు మా తోట దాటి, పొలాలు దాటి, రైతుల ఊరికి బిందెలతో వెళ్ళి రావాలి. అందుచేత ఊరిపెద్దలు పెద్దవల మీద చేతులు వేసి, ఊరి ఓట్లన్నీ పడవకేనని కట్టు చేసుకున్నారు. ఏ ఊరి పెట్టెను ఆ ఊరిదిగా విప్పి లెక్కించే రోజులవి కనుక, ఊరు మాట నిలుపుకొన్నదీ లేనిదీ దాచినా దాగదు.

కట్టు తప్పిన ఇంటికి పెద్దవలలో వాటా ఆగిపోతుంది. పెద్దవల ఊరందరిదీ. ఒడ్డునుండి ఊరంతా కలిసి లాగుతారు. పడిన చేపను వాటాలు వేసుకుంటారు. సముద్రంలో పోయినవాని భార్యకు ఆ వాటా ఆగకుండా ఇవ్వడం వారి ఆచారం. లక్ష్మణమ్మ భర్త నూకయ్య, అంతకు ముందు కార్తికంలో జోగయ్య పడవ మీద వేటకు వెళ్ళి గాలివానలో పోయాడు. పడవ తిరిగి వచ్చింది, జోగయ్య తిరిగి వచ్చాడు, నూకయ్య రాలేదు. సొంత పడవ ఉన్న ఇంటికి వాటా ఆగితే నష్టం. లక్ష్మణమ్మకు ఆగితే పొయ్యి వెలగదు.

అటువంటి సమయంలో నరసింగరావు వచ్చాడు. వాల్తేరులో గణాంకశాస్త్రం చదువుతున్నాడు. మద్రాసునుండి వెలువడే ఒక పత్రిక, ఎన్నికలకు ముందే ప్రజాభిప్రాయాన్ని సేకరించి ప్రకటించదలచి, కొందరు విద్యార్థులను నియమించుకొన్నది. ఇతడు వారిలో ఒకడు. తాళం వేసిన చిన్న రేకుపెట్టె, అభ్యర్థుల గుర్తులు మాత్రమే అచ్చువేసిన కాగితాలు, పెన్సిళ్ళు వెంట తెచ్చుకొన్నాడు.

"మావయ్యగారూ, రక్తపరీక్షకు ఒక్క చుక్క చాలదా? అలాగే ఊరికి పది ఇళ్ళు చాలును," అన్నాడు.

"చాలును. కాని ఆ చుక్కను చూసేవానికి దానిని చదవడం తెలిసి ఉండాలి," అన్నాను.

మరునాడు ఉదయం గొడుగు పట్టుకొని నేను కూడ అతనితో వెళ్ళాను. ఇంట్లో కూర్చుని చేయవలసిన పని ఏదీ లేదు. అతడు తన లెక్క ప్రకారం ఎంచుకొన్న పది గుమ్మాలమీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకొంటూ పోయాడు. ఎనిమిది ఇళ్ళలో మగవారే కాగితం అందుకొని, పడవ బొమ్మమీద పెన్సిలుతో అడ్డగీతలు గీసి, మాకు చూపించి మరీ పెట్టెలో వేశారు. చూపించవద్దు, ఇది రహస్యం అని నరసింగరావు ప్రతి గుమ్మంలోను చెప్పాడు. ఎవరూ వినలేదు.

తొమ్మిదవది జోగయ్య ఇల్లు. ఆ రోజు జోగయ్య పనిమీద శ్రీకాకుళం వెళ్ళాడు. కూర్మమ్మ ముంగిట్లో ఎండుచేపలు తిరగవేస్తున్నది.

"ఏటి బాబూ, మళ్ళీ సూదులా?" అంది పెట్టెను చూసి.

"టీకాసూదులు కావమ్మా. మీరు ఎవరికి ఓటు వేస్తారో ఈ కాగితంమీద గీత పెట్టి పెట్టెలో వేయాలి. మీరు ఏది వేశారో ఎవరికీ తెలియదు."

"ఎవులికీ తెల్దా?"

"తెలియదు."

"తెలకపోతే మరి నీకేటి లాభం?"

నరసింగరావు ఓపికగా వివరించాడు. ఒక్కొక్కరిది తెలియదు, మొత్తం తెలుస్తుంది, పది ఇళ్ళను బట్టి ఊరిని, ఇటువంటి ఊళ్ళను బట్టి నియోజకవర్గాన్ని అంచనా వేస్తారు అని.

"మా ఊరు ఊరంతా ఒక్కటే మాట గదా నాయనా. ఒక్కింట్లో అడిగితే సరిపోద్ది. ఇన్ని గుమ్మాలెక్కి దిగడమేల, కాళ్ళు నొప్పెట్టవా?" అని, చేయి తుడుచుకొని కాగితం అందుకొంది. పడవ బొమ్మ చూసింది. పెన్సిలు చూసింది. "దీన్తో ఏటి సెయ్యాల?"

"పడవకు వేయాలంటే పడవమీద అడ్డగీతలు రెండు గీయండి. ఇలాగ."

"ఓలమ్మో! పడవమీద అడ్డగీతలా? పలకమీద తప్పు కొట్టెసినట్టు? మా పడవని మేవే కొట్టెసుకుంటావేటి?" నరసింగరావును పైనుండి కిందికి చూసింది. "నీకు పెల్లయ్యిందా బాబూ?"

"ఇంకా కాలేదు."

"అందుకే తెల్దు."

పెన్సిలు అతని చేతిలోనే పెట్టేసి కాగితంతో లోపలికి వెళ్ళింది. వచ్చినప్పుడు ఆమె కుడిచేతి ఉంగరపువేలు ఎర్రగా ఉంది. వేటకాలం మొదట పడవను నీళ్ళలోకి దించేటప్పుడు ఆ ఇంటి ఇల్లాలు పడవ ముందుభాగానికి పసుపురాసి ఆ వేలితోనే కుంకుమ పెడుతుంది. నేను ఏటా చూస్తున్నదే. కాగితం మడిచి పెట్టెలో వేసి, "ఎల్లండి, ఎండెక్కుతున్నాది," అంది.

పదవది లక్ష్మణమ్మ ఇల్లు. ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. చేతిలో పని ఏదీ లేదు. నరసింగరావు చెప్పినదంతా ఆమె విన్నదో లేదో నాకు తెలియలేదు. అతడు కాగితం ఒళ్ళో పెట్టి, పెన్సిలు వేళ్ళ మధ్య ఉంచాడు. ఆమె ఆ పడవ బొమ్మకేసి చాలాసేపు చూసింది. ఒకసారి నుదుటిమీదికి చేయి పోనిచ్చి, అక్కడ ఏమీ లేదని గుర్తుకు వచ్చినట్టు దించేసింది. తరువాత ఏదో గీసి, కాగితం మడిచింది.

"ఇంకేటైనా ఉందా బాబూ?"

"లేదమ్మా. అంతే."

ఎందుకు అన్న ప్రశ్న నరసింగరావు కాగితాలలో ఎక్కడా లేదు.

ఆ మధ్యాహ్నం మా వసారాలో పెట్టె తెరిచాడు. ఎనిమిదింటిలో పడవమీద పెన్సిలు గీతలు. ఒకదానిలో పడవమీద కుంకుమచుక్క. ఒకదానిలో తక్కెడమీద సన్నని అడ్డగీతలు, కాగితం కందకుండా గీసినట్టు.

"మావయ్యగారూ, నిబంధనలలో పెన్సిలు గుర్తు అని స్పష్టంగా ఉంది. ఈ కుంకుమ చెల్లుతుందా?"

"ఉద్దేశం స్పష్టంగా ఉన్నప్పుడు రూపదోషాన్ని పాటించనవసరం లేదు. అది పడవ ఓటే," అని తీర్పు చెప్పాను. అతడు అలాగే లెక్క వేసుకొన్నాడు. మా ఇంటి పూజగదిలో కుంకుమభరిణె మూత ఏడాదిగా ఎవరూ తీయలేదన్న సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. గుర్తుకు రావడమే, అంతకు మించి ఏమీ కలగలేదు. భోజనానికి పిలిచారు, లేచాను.

నరసింగరావు లెక్కలు మద్రాసు వెళ్ళాయి. పత్రిక వాటిని ఊరివారీగా అచ్చువేసింది. నియోజకవర్గంలో పడవ గుర్తు గెలవగలదని పెద్ద అక్షరాలతోను, పాతదిబ్బపాలెంలో పదింట ఒకటి తక్కెడకని చిన్న అక్షరాలతోను ఉంది. నారాయణమూర్తి పెద్ద అక్షరాలు చదివి సంతోషించి ఊరుకోక, చిన్న అక్షరాలు కూడ చదివి, జీపు వేసుకొని వచ్చాడు. ఊరు రెండుగా చీలిందని తమ నాయకునికి తెలిస్తే నుయ్యి మాట మరచిపోవలసిందేనని జోగయ్యతో అన్నాడు. అందుమీద సభ కూడింది. మరొక ఊరిలో ఇదే పనిమీద ఉన్న నరసింగరావును కూడ పిలిపించారు.

సుద్దగుర్తు ఉన్న ఇళ్ళవారు ఒక్కొక్కరే వచ్చి, వలమీద చేయి వేసి, తమ ఇంటి కాగితం పడవదేనని ప్రమాణం చేశారు. జోగయ్య కూడ, తన ఇంటి తరఫున, తన వంతు వచ్చినప్పుడు లేచి వల ముట్టి చెప్పాడు. వలమీద అబద్ధం చెప్పిన ఇంటి పడవ సముద్రంనుండి తిరిగి రాదని వారి నమ్మకం. ఆ మాట ఎవరూ పైకి అనరు. అనవలసిన అవసరం లేదు.

మిగిలింది లక్ష్మణమ్మ.

జోగయ్య ముందు మాతో మాట్లాడాడు. "బాబూ, ఏ కాగితం ఎవులిదో సెప్పగలవా?"

"చెప్పలేను," అన్నాడు నరసింగరావు. "చెప్పకూడదు కూడ. అది మా నిబంధన."

"జోగయ్యా," అన్నాను నేను, నా వంతు అదేనని చూసుకొని. "అది ఓటు కాదు. ఓట్లు ఇంకా పడలేదు. పడని ఓటుకు కట్టు తప్పడం అన్నది ఉండదు."

"ఓటు కాకపోతే ఏల అడిగినారు బాబూ?"

"అభిప్రాయం తెలుసుకోవడానికి."

"తెలిసినాది గదా," అన్నాడు ఎర్రయ్య. "ఇప్పుడది మా పీకమీదకొచ్చి కూకున్నాది."

"పెల్లిసూపుల్నాడు వద్దన్న పిల్ల పీటలమీద ఔనంటాదేటి బాబూ?" అన్నాడు జోగయ్య. అభిప్రాయ సేకరణను సమర్థించేవారందరూ కూడ చెప్పేది అదే.

జీపు దగ్గరనుండి నారాయణమూర్తి గొంతెత్తాడు. "నాకు పేర్లతో పని లేదు జోగయ్యా. ఒకటి జారితే పది జారతాయి. పైవాళ్ళకు నేనేం జవాబు చెప్పుకోవాలి?"

"నువ్వు వరసలో నేవు మూర్తిబాబూ," అన్నాడు ఎర్రయ్య తల తిప్పకుండానే. "నీ వంతు రాదు. ఆ జీపుతో మాటాడుకో."

వెనుక ఆడవారిలోనుండి అసిరమ్మ అనే ఆమె, పైకి వినబడేటట్టే గొణిగింది. "నుయ్యింకా తవ్వనేదు. అప్పుడే దాన్ని అందులోకి తోసెస్తన్నారు."

"ఒసే అసిరీ, నోరు ముయ్యి!" అని జోగయ్య లక్ష్మణమ్మ వైపు తిరిగాడు. అతని గొంతు తగ్గింది. "సూడమ్మా. వల ముట్టుకో. పడవకే ఏసినానని ఒక్క మాట సెప్పు. లెగిసి ఇంటికెల్లిపో. ఇంకెవులూ నిన్నేటీ అడగరు."

అతడు ఆమెను విడిచిపెట్టడానికే చూస్తున్నాడని నాకు అర్థమైంది. ఆమెకు కూడ అర్థమయ్యే ఉంటుంది. ఆమె వలకేసి చూసింది. చేయి చాచలేదు.

"సెప్పవేటే?"

"నాను ముట్టను మావా."

"ఏల?"

"ఆడు లాగిన వల."

ఆమె ముఖంలో భయంగాని, దుఃఖంగాని, మొండితనంగాని నాకు కనబడలేదు. గుమ్మంలో ఆ రోజు చూసిన ముఖమే. నా ఎదుట నిలబడిన ప్రతివాదులలో తీర్పు ఏదైనా ఒకటే అన్న స్థితికి వచ్చినవారిని కొందరిని చూశాను. ఆ సంవత్సరం గడ్డం గీసుకొనేటప్పుడు అద్దంలో కూడ చూస్తుండేవాడిని.

ఇక వాటా ఆపుతున్నట్టు జోగయ్య నోటితో చెప్పడమే మిగిలింది. అతడు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకొన్నాడు. తీర్పు చెప్పేముందు చేసే పని అది.

అప్పుడు కూర్మమ్మ ఆడవారి గుంపులోనుండి బయటికి వచ్చింది. మగవారి వరుసకు వెనుకగా కాక, ముందుగా నడిచి, లక్ష్మణమ్మకు వలకు మధ్య నిలబడింది.

"ఆ కాగితం నాది," అంది.

"ఏటన్నావు?"

"ఇనబడనేదేటి? తక్కెడ కాగితం నాది. నువ్వా పొద్దు సిక్కోలెల్లినావు. ఈ బాబు పెట్టె నాకాడికే తెచ్చినాడు. పడవమీద గీత కొట్టమన్నాడు. నాకు సెయ్యి రానేదు. పక్కన తక్కెడున్నాది, దానిమీద కొట్టెసినాను."

"నాను వల ముట్టి మనింటి మాట సెప్పినాను గదే!"

"నన్నడిగి సెప్పినావా?"

నా పక్కన నరసింగరావు పీటమీదనుండి సగం లేచాడు. "కాదు, ఆమె వేసినది..."

"నరసింగరావ్," అన్నాను. "నీ వంతు అయిపోయింది. కూర్చో."

అతడు కూర్చున్నాడు.

"వట్టి మాటలొద్దు," అన్నాడు ఎర్రయ్య, మెల్లగా. అతని కళ్ళు కూర్మమ్మమీద కాక, ఆమె వెనుక ఉన్న లక్ష్మణమ్మమీద ఉన్నాయి. "వలున్నాది గదమ్మా."

కూర్మమ్మ వంగింది. అరచేయి పూర్తిగా ఆనేటట్టు వలమీద పెట్టింది. "గంగమ్మ తల్లి సాచ్చిగా, ఆ కాగితం నాది," అంది. ఆ చేయి వెంటనే తీసుకోలేదు. పెద్దవల నీళ్ళలో బరువుగా ఉన్నప్పుడు తాడు పట్టుకొన్నవారు ఎలా నిలబడతారో అలా, వంగిన నడుముతో, కొంతసేపు ఉండిపోయింది. గాలికి ఇసుక వలమీద పడుతూ ఉంది.

జోగయ్య తలపాగా చేత్తో పట్టుకొని మొదటి స్థానంలోనుండి లేచాడు. మగవారందరి ముందునుండి నడిచి, నా కుర్చీని దాటి, నరసింగరావు పీటను కూడ దాటి, వరుసకు చివర ఇసుకలో కూర్చున్నాడు. ప్రమాణం తప్పిన ఇంటివాని చోటు అది. ఎర్రయ్య జరిగి మొదటి స్థానంలోకి వెళ్ళాడు. అతని వెనుక అందరూ ఒక్కొక్క చోటు ముందుకు జరిగారు. ఆ వేటకాలం ముగిసేదాకా జోగయ్య ఇంటి వాటా పెద్దవలలో ఆగుతుందని, ఊరిలో మిగిలిన ఇళ్ళ వాటాలు యథాప్రకారం సాగుతాయని ఎర్రయ్య చెప్పాడు. నారాయణమూర్తి వాచీ చూసుకొని జీపు ఎక్కాడు.

లక్ష్మణమ్మ అందరికంటె చివర లేచింది. కూర్మమ్మకేసి చూసింది. కృతజ్ఞత చెప్పినట్టు నాకు కనబడలేదు. చీరకు అంటిన ఇసుక కూడ దులుపుకోకుండా వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి, నరసింగరావు వసారా మెట్లెక్కిన తరువాత అన్నాడు. "మావయ్యగారూ, ఆమె కాగితంమీద ఉన్నది కుంకుమ. మీరే చెల్లుతుందన్నారు. తక్కెడ కాగితం ఆమెది కాదు."

"తెలుసు."

"మరి సభలో ఎందుకు ఊరుకున్నారు?"

"ఏ కాగితం ఎవరిదో చెప్పకూడదని సభలో నీవే అన్నావు. నీ నిబంధనను నేను పాటించాను."

అతడు కొంతసేపు రేకుపెట్టె మూత తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు. "తక్కెడంటే ఇష్టమై వేసింది కాదు కదా ఆమె," అన్నాడు చివరకు. "పడవమీద గీత పెట్టలేక, కుంకుమ పెట్టే యోగం లేక వేసింది. దానిని నేను పదింట ఒకటి తక్కెడకు అని పంపించాను. లెక్క తప్పు కాదు మావయ్యగారూ. లెక్క సరిగానే ఉంది."

"సరిగానే ఉంది," అన్నాను.

ఫిబ్రవరిలో పోలింగు జరిగింది. పాతదిబ్బపాలెం ఆడవారు కొత్తచీరలు కట్టుకొని, పెద్దబొట్లు పెట్టుకొని, బడిలోని పోలింగు గదికి వరుసగా వెళ్ళారు. పెట్టె విప్పినప్పుడు అందులో చెల్లని కాగితాలు అసాధారణంగా ఎక్కువ ఉన్నాయని, లెక్కింపులో పనిచేసిన ఉద్యోగి ఒకరు నాతో చెప్పారు. అడ్డగీతల ఆకారంలో పడే రబ్బరుముద్ర లేకుండా, పడవ బొమ్మమీద ఎర్రచుక్క మాత్రమే ఉన్న కాగితాలట. నొసటినుండి వేలితో తీసి పెట్టినవి అయి ఉండాలి. ఉద్దేశం స్పష్టంగా ఉన్నప్పుడు రూపదోషాన్ని పాటించనవసరం లేదని నేను చెప్పిన తీర్పు ఎన్నికల అధికారులకు వర్తించదు. వాటిని పక్కన పెట్టేశారు. ఆ పెట్టెవరకు చెల్లిన పడవ ఓట్లు, చెల్లని ఎర్రచుక్కలు దాదాపు సరిసమానంగా నిలిచాయి. నియోజకవర్గం మొత్తంమీద పడవ గుర్తే గెలిచింది. మద్రాసు పత్రిక తన అంచనా ఎంత కచ్చితంగా నిజమైనదో తరువాతి సంచికలో ప్రకటించుకొన్నది. ఆ ప్రకటనలో అసత్యం లేదు.

ఇటువంటి అంచనాలు నమ్మదగినవేనా అని తరువాత నన్ను అడిగినవారు ఉన్నారు. నమ్మదగినవేనని చెబుతాను. ఓటరుకు ఉపయోగమా అని అడిగితే నేను చూసినది ఒక్క ఊరినే. ఆ ఊరిలో తన మాటను అచ్చులో చూసుకొని ఎవరూ మరింత తెలిసి ఓటు వేయలేదు. పక్కవాని మాట ఏమిటో తెలుసుకొని అతనిని పట్టుకోవడానికి అది ఉపయోగపడింది. పట్టుకొన్నది కూడ అసలు మనిషిని కాదు. ఆడవారికి ఆ గీత పట్ల ఉన్న సంకోచాన్ని జనవరిలోనే ఒక్క కుంకుమచుక్క చెప్పింది. అది మా వసారాలో, నా కళ్ళజోడు కింద, నా తీర్పుతో పడవ లెక్కలో చేరిపోయింది. ఎవరైనా ఊరిలోకి వెళ్ళి, ముద్ర వేయడమంటే కొట్టివేయడం కాదని చెప్పి ఉంటే ఫిబ్రవరిలో ఆ కాగితాలు చెల్లి ఉండేవి. చెప్పవలసిన పని పత్రికది కాదు. నారాయణమూర్తికి తోచలేదు. నుయ్యి తవ్వలేదు. అసిరమ్మ ఇప్పటికీ మా తోటగుండా బిందెతో వెళ్తుంది, కంచె దగ్గర నన్ను చూస్తే, "పేపర్లో ఏటి రాసినారు బాబూ, ఈ యేడు నీళ్ళొస్తాయటా?" అని అడిగి పోతుంది.

జోగయ్య పడవకు ఏ ఆపదా రాలేదు. వెళ్ళింది, వచ్చింది. అంతకు ముందు అతని పడవ వచ్చే వేళకు కూర్మమ్మ ఇంట్లోనే ఉండేది. గంపలు పట్టుకొని మిగిలిన ఆడవారు వెళ్ళేవారు. ఆ వేటకాలమంతా, పడవ వెళ్ళిన ప్రతి రోజూ, ఆమె ఒడ్డున నిలబడి ఉండటం మా తోటలోనుండి నాకు కనబడేది. కూర్చునేది కాదు. పడవ కనబడి, అందులో జోగయ్య ఆనవాలు పట్టేటంత దగ్గరగా వచ్చిన తరువాత, అతడు ఒడ్డు చేరకముందే తిరిగి ఇంటికి వెళ్ళిపోయేది. ఒకరోజు పడవ రావడం బాగా ఆలస్యమైంది. నేను కంచె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆమె నన్ను చూసి, "మీరేల బాబూ ఎండలో?" అంది. ఊరికే అన్నాను. పడవ వచ్చింది. ఆ రోజు భోజనానికి ఎవరూ పిలవకముందే నాకు ఆకలి వేసిందని గుర్తు.

ఇప్పుడు ఈ సంగతి బయటపెట్టినందువలన ఎవరికీ నష్టం లేదు. లక్ష్మణమ్మ తన అన్నదమ్ములతో పూరీ ఒడ్డుకు వెళ్ళి అక్కడ స్థిరపడింది. జోగయ్య మరుసటి వేటకాలానికి తన చోటుకు తిరిగి వచ్చాడు. పాత పెద్దవల చివికిపోతే, ఈ సంవత్సరం ఊరు నైలాను వల తెచ్చుకొన్నది. ఒక వలమీద చేసిన ప్రమాణాలు ఆ వలతోనే పోతాయన్నది వారి కట్టుబాటు. పాతవలను ఇసుకలో పూడ్చిన రోజు నేను అక్కడ ఉన్నాను. కూర్మమ్మ కూడ ఉంది. పూడ్చడం ముగిసేదాకా నిలబడి, చేతులు దులుపుకొని వెళ్ళింది.

కనుక, ఆనాటి సభలో చివరి కుర్చీలో కూర్చున్నవాడిగా, ఆ పది కాగితాలనూ కళ్ళతో చూసినవాడిగా, నేను ఈ విషయాన్ని నమోదు చేస్తున్నాను. పాతదిబ్బపాలెం వాస్తవ్యురాలు, జోగయ్య భార్య కూర్మమ్మ, తనది కాని కాగితాన్ని తనదని చెప్పి, తాను పూర్తిగా నమ్మిన వలమీద చేయి వేసి, తన భర్త ప్రాణాన్ని తన నమ్మకం ప్రకారం పణంగా పెట్టి, నూకయ్య భార్య లక్ష్మణమ్మ వాటాను ఆగకుండా నిలిపింది. ఈ కార్యం ఆమెది. మరెవరిదీ కాదు.